ఎర్ర సముద్రం మా చెరువు గట్టుకు ఎప్పుడొచ్చింది?

ఈ ఉదయం వల మా రొయ్యల చెరువులోకి దిగి, ఐసు లారీ గట్టు మీద నిలబడి, కూలీలు నడుం లోతు నీళ్లలో ఉన్న సమయంలో, కొనుగోలు ఏజెంటు గారు ఫోను జేబులో పెట్టుకుంటూ, రాత్రి ఖాయం చేసిన రేటులో కిలోకు 20 రూపాయలు తగ్గుతుందని సెలవిచ్చారు. కారణం అడిగితే, "ఎర్ర సముద్రంలో యుద్ధం కదండీ" అన్నారు.

యుద్ధం లేదని నేను అనడం లేదు. 2023 నవంబరు 19న యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారులు ఎర్ర సముద్రంలో గెలాక్సీ లీడర్ ఓడను పట్టుకున్న తర్వాత, పెద్ద ఓడల కంపెనీలు ఒక్కొక్కటిగా ఎర్ర సముద్రం, సూయజ్ కాలువ దారిని వదిలి ఆఫ్రికా కొసన గుడ్ హోప్ అగ్రం చుట్టూ తిరిగి వెళ్లడం మొదలుపెట్టాయి. యూరప్‌కూ అమెరికా తూర్పు తీరానికీ వెళ్లే మన రొయ్యకు దాదాపు రెండు వారాల ప్రయాణం అదనమైంది, కంటైనరు కిరాయీ, బీమా ఖర్చూ పెరిగాయి. ఇవన్నీ ఒప్పుకుంటాను. అయితే మనం పెంచే వనామీ రకం రొయ్యను అమెరికా తర్వాత ఎక్కువగా కొనేది చైనా. విశాఖ నుంచి చైనాకు తూర్పు దిక్కుగా పోయే ఓడకు ఎర్ర సముద్రంతో ఏం పని? ఆ సరుకు మీద కూడా కిలోకు ఇరవై కోసే ఈ భూగోళశాస్త్రం ఏ బళ్లో చెబుతున్నారో, మా పిల్లలను కూడా అక్కడే చేర్పిస్తాం.

పైగా గడ్డకట్టించిన రొయ్య కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి నిలవ ఉంటుంది. వల దిగిన చెరువులో నా రొయ్య ఒక్క పూట ఆగదు. ఆపితే మేత ఖర్చు, నీటికి గాలి అందించే ఏరేటర్ల కరెంటు, అన్నిటికీ మించి తెల్లమచ్చ రోగం భయం. ఈ సంగతి నాకంటే ఏజెంటు గారికే బాగా తెలుసు కాబట్టే, ఆ కబురు రాత్రి కాకుండా వల దిగాక వచ్చింది.

అసలు మాకు యుద్ధాలు కొత్త కావు. 2022లో యుక్రెయిన్ యుద్ధం పేరు చెప్పి మేత బస్తా ధర పెంచినప్పుడు, ముడిసరుకు దొరకడం లేదన్నారు, సరేనన్నాం. ఆ ధర ఎక్కినంత చురుగ్గా దిగిన రోజును మాత్రం మా ఊళ్లో ఎవరూ చూడలేదు. ఏ పక్షమూ వహించని దేశంలో ఉండి, ఎవరి యుద్ధానికైనా ఖర్చు భరించే వరం మాకే దక్కింది. ఓడ కిరాయి ఎప్పుడైనా తగ్గితే, ఆ శుభవార్త చెప్పడానికి ఏ ఏజెంటూ తెల్లవారుజామున గట్టెక్కి రాడు.

చివరికి సరుకు ఇచ్చేశాను. శాంపిల్‌లో 40 కౌంట్, అంటే కిలోకు నలభై తూగిన రొయ్యను కాటా చీటీ మీద 42 అని రాశారు; కౌంట్ పెరిగితే రొయ్య చిన్నదని లెక్క, రేటు తగ్గుతుంది. అందుకు ఏ సముద్రం కారణమో అడిగే ఓపిక నాకు లేకపోయింది.