సవరణ: ఎక్స్‌ప్రెస్‌లో ఎర్రర్ హ్యాండ్లర్ చోటు

మాదాపూర్‌లోని మా శిక్షణ తరగతి కోసం గత వారం రాసిన వ్యాసంలో, ఎక్స్‌ప్రెస్‌లో (నోడ్‌పై వెబ్ సర్వర్లు రాయడానికి వాడే జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్) ఎర్రర్లను పట్టే మిడిల్‌వేర్‌ను, అంటే ఎర్రర్ హ్యాండ్లర్‌ను, అన్నింటికంటే ముందు నమోదు చేయాలని పేర్కొన్నాను. అది తప్పు, కూకట్‌పల్లి నుంచి వచ్చే ఒక విద్యార్థిని కోడ్ నడిపి మరీ చూపించారు. మిడిల్‌వేర్లు, అంటే రిక్వెస్ట్ వచ్చినప్పుడు ఒకదాని తర్వాత ఒకటి పనిచేసే ఫంక్షన్లు, నమోదైన వరుసలోనే నడుస్తాయి కాబట్టి, ఒక రూట్‌లో (ఫలానా చిరునామాకు వచ్చిన రిక్వెస్ట్‌కు జవాబిచ్చే కోడ్‌లో) పుట్టిన ఎర్రర్ దాని తర్వాత ఉన్న హ్యాండ్లర్‌నే వెతుక్కుంటూ ముందుకు పోతుంది తప్ప వెనక్కి రాదు; అందుచేత ఆ హ్యాండ్లర్ చోటు రూట్లన్నిటి తర్వాతే.

ఆ హ్యాండ్లర్‌కు నాలుగు పారామీటర్లు ఉండాలని అదే వ్యాసంలో రాసిన మాట మాత్రం సరైనదే. వాడటం లేదు కదా అని చివరిదైన ‘నెక్స్ట్’ను, అంటే పనిని తర్వాతి మిడిల్‌వేర్‌కు అప్పగించే ఫంక్షన్‌ను, తీసేస్తే (ఈ పొరపాటు నేనూ చేసినవాడినే), పారామీటర్ల సంఖ్యను బట్టే గుర్తించే ఎక్స్‌ప్రెస్ దాన్ని మామూలు మిడిల్‌వేర్‌గా లెక్కిస్తుంది.

అసింక్ రూట్‌లోని (ఫలితాన్ని వెంటనే కాక ప్రామిస్ రూపంలో తర్వాత ఇచ్చే రూట్‌లోని) ఎర్రర్ దానంతట అదే హ్యాండ్లర్‌కు చేరుతుందని ఆ వ్యాసంలో రాసిన వాక్యం, 2024లో విడుదలైన ఎక్స్‌ప్రెస్ 5వ వెర్షన్‌కే వర్తిస్తుంది. 4వ వెర్షన్‌లో ట్రై-క్యాచ్ (ఎర్రర్‌ను అక్కడికక్కడే పట్టే కోడ్) పెట్టి, ఎర్రర్‌ను మనమే ‘నెక్స్ట్’కు అందించాలి, లేకపోతే రిక్వెస్ట్‌కు జవాబు వెళ్లదు సరికదా, నోడ్ 15వ వెర్షన్ నుంచి ఎవరూ పట్టని ప్రామిస్ ఎర్రర్ డిఫాల్ట్‌గా సర్వర్ ప్రాసెస్‌నే ఆపేస్తుంది.