ఆ గీతకు అర్థం చెప్పండి, గ్రేడ్‌బుక్ గారూ

విద్యార్థుల మార్కులు దాచి టోటల్ కట్టే మహారాజశ్రీ ఆన్‌లైన్ గ్రేడ్‌బుక్ గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమంగా లేము. తమరు మాత్రం ఎప్పటిలాగే తెర మధ్యలో చక్రం తిప్పుకుంటూ క్షేమంగానే ఉన్నారని తలుస్తున్నాను.

విషయం ఏమిటంటే, ఈ మధ్యాహ్నం తమరు మా తరగతిలో సగం మందిని ఫెయిల్ చేసి, ఆ సంగతి నాకంటే ముందు వాళ్లకే మెయిల్లో చెప్పారు.

జరిగింది తమకు తెలుసు. అయినా రికార్డు కోసం రాస్తున్నాను. సాయంత్రంలోగా ఇంటర్నల్ మార్కులు పంపాలి. టోటల్ కాలమ్ పైన నొక్కి, ఎక్కువ మార్కుల నుంచి తక్కువకు వరస పెట్టాను. మొదటి స్థానంలో ఎవరో చూసి కళ్లు నులుముకోవాల్సి వచ్చింది. కోర్సు మొదట్లో ఒకే ఒక్క క్విజ్ రాసి, పదికి తొమ్మిది తెచ్చుకుని, ఆ తర్వాత ఇటువైపు తొంగి చూడని కుర్రాడు. అసైన్‌మెంట్లు లేవు, మిగతా క్విజ్‌లు లేవు, ఏమీ లేవు. తమరి లెక్కలో అతనికి 90 శాతం. ఒక్కటీ వదలకుండా అన్నీ గడువులోపు పెట్టిన అమ్మాయికి 82. ఆమె అతని కింద.

ఎందుకంటే తమరు ఖాళీ గడులను లెక్కలోకి తీసుకోరు. రాసినవాటికే సగటు కడతారు. రాయనిది అసలు లేనట్టే. ఎంత దయాహృదయం!

సరే, దీనికి మందు కూడా తమ సెట్టింగ్స్‌లోనే ఉందిగా. 'మార్కులు లేనివాటిని సున్నాగా లెక్కించు' అనే టిక్కు. పెట్టాను. వెంటనే తమరు నిజాయితీ కొద్దీ ఇంకా జరగని ఫైనల్ పరీక్షకు కూడా తరగతి మొత్తానికి సున్నా వేశారు. ఫైనల్ వెయిటేజీ 40 శాతం. అంటే ఇప్పటిదాకా నూటికి నూరు తెచ్చుకున్నా ఎవరి టోటలూ 60 దాటదు. 82 ఉన్న అమ్మాయి 49కి దిగింది. ఆ మాయమైన కుర్రాడు 90 నుంచి 4 కంటే కిందికి వచ్చాడు. న్యాయం అతనొక్కడికే జరిగింది. మిగతావాళ్ల ఫోన్లకు 'మీ గ్రేడ్ మారింది' అని మెసేజ్ వెళ్లింది. టిక్కు తీసేశాను. 'మీ గ్రేడ్ మారింది' అని మళ్లీ వెళ్లింది. ఆ తర్వాత ఇన్‌బాక్స్‌లో ఏం జరిగి ఉంటుందో ఈ ఉద్యోగం చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. అందరికంటే ముందు వచ్చిన మెయిల్ మాత్రం ఆ కుర్రాడిది. "మేడమ్, నిన్నటిదాకా 90 ఉంది. దయచేసి సరిచేయగలరు." కోర్సు మొదలయ్యాక అతను నాకు రాసిన మొదటి ఉత్తరం అదే.

కాబట్టి అయ్యా, అసలు సంగతికి వస్తాను. ఆ గీత. మార్కు లేని గడిలో తమరు గీసే ఆ చిన్న అడ్డగీత. దానికి అర్థం ఏమిటి?

విద్యార్థి సబ్మిట్ చేయకపోతే గీత. చేశాడు, నేనింకా దిద్దలేదు, అయినా గీత. గడువు వచ్చే వారం, గీత. ఆస్పత్రిలో ఉన్న పిల్లాడికి నేనే మినహాయింపు ఇచ్చాను, అతనికీ గీత. ఆలస్యంగా చేరినందువల్ల మొదటి రెండు క్విజ్‌లు వర్తించని అమ్మాయికీ అదే గీత. అన్ని రోగాలకూ ఒకే మాత్ర. వీళ్లలో ఒకరికి సున్నా పడాలి, ఒకరికి పడకూడదు, ఒకరి విషయంలో తప్పు నాది, దిద్దాల్సింది నేను. తమరు అందరినీ ఒకే గీత కింద పడుకోబెట్టి, పైన 'టోటల్' అని బోర్డు పెట్టారు. పోయిన వారం ఒక విద్యార్థి వచ్చి అడిగాడు, "మేడమ్, గీత అంటే పాసా, ఫెయిలా?" నేను తడబడ్డాను. ఇన్నేళ్లు పాఠం చెప్పినదాన్ని, రెండో తరగతి పిల్లాడు కూడా గీసే గీతకు అర్థం చెప్పలేకపోయాను.

క్రీ.శ. 628లో గణితవేత్త బ్రహ్మగుప్తుడు సున్నాతో కూడిక, తీసివేత, హెచ్చవేత ఎలా చేయాలో నియమాలు రాసిపెట్టాడు. సున్నాను సున్నాతో భాగిస్తే సున్నాయే అని కూడా అన్నాడు. ఇప్పటి గణితం దాన్ని ఒప్పుకోదు. పోనీ, ఒప్పో తప్పో, ఆయన ఏదో ఒకటి తేల్చి చెప్పాడు. తమరు గీత గీసి చేతులు దులుపుకున్నారు.

ఇంతటితో ఆగితే సర్దుకుపోయేదాన్ని. తమ దగ్గర 'తక్కువ వచ్చిన ఒక క్విజ్‌ను వదిలేయి' అనే ఇంకో సౌకర్యం ఉంది కదా. పిల్లలకు మంచిదే, ఒక రోజు ఒంట్లో బాగోకపోతే నష్టపోరు. ఇప్పుడు దానికి ఈ గీతను కలిపి చూడండి. ఐదు క్విజ్‌లు. ఒకడు ఐదూ రాశాడు: 9, 9, 8, 6, 4. నాలుగు మార్కులది తీసేస్తే మిగతా నాలుగింటి సగటు 8, అంటే 80 శాతం. పక్కవాడు మూడే రాశాడు: 9, 9, 4. రెండు ఎగ్గొట్టాడు, అవి గీతలు, కాబట్టి తమ దృష్టిలో లేనేలేవు. పైగా మిగిలిన మూడింట్లోంచి కూడా నాలుగు మార్కులదాన్ని తీసేశారు. సగటు 9, తొంభై శాతం. అంటే ఎగ్గొట్టిన రెండింటికి శిక్ష లేకపోగా, సరిగ్గా రాయని ఒకదానికి కూడా మాఫీ. మొదటివాడు చేసిన నేరమల్లా ఆ రెండు క్విజ్‌లూ వచ్చి రాయడం.

వాడు ఈ లెక్క వేసుకుని మరీ నా దగ్గరికి వచ్చాడు, కాగితం మీద. "మేడమ్, నేను ఆ రెండూ రాయకుండా ఉంటే బాగుండేదా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నేనేం చెప్పాలి? చెప్పు, నేనేం చెప్పాలి? చదువు మీద నమ్మకం పెట్టుకుని వచ్చి కూర్చునే పిల్లాడికి, రాకుండా ఉంటేనే లాభమని నువ్వు నేర్పావు. సెట్టింగ్స్ పేజీలో నాలుగు తెరల అడుగున, మడతపెట్టిన మెనూలో దాచిన ఒక్క టిక్కుతో నేర్పావు. తమరు గిమరు ఇంకెందుకులే, నీకు నువ్వు చాలు.

నీ మిగతా ఘనకార్యాలు రాస్తే ఉత్తరం భారతమవుతుంది. 89.996 వచ్చిన పిల్లకు 90.00 అని చూపించి, పక్కన బి గ్రేడ్ ఇస్తావు. 'ఎ' గ్రేడ్ 90 నుంచి మొదలని నువ్వే కింద రాసి ఉంటావు. ఆ పిల్లకు దశాంశ స్థానాల పాఠం నేను చెప్పాలి. ఎప్పుడో ఒకసారి గడిలో చేత్తో మార్కు మారిస్తే, ఆ గడి రంగు మార్చుకుని అలిగి కూర్చుంటుంది. తర్వాత క్విజ్ మళ్లీ దిద్ది మార్కు పెంచినా అక్కడికి చేరదు. ఒక మార్కును విద్యార్థులకు కనపడకుండా దాచమంటే దాస్తావు, టోటల్‌లో మాత్రం కలిపే చూపిస్తావు. పిల్లలు తీసివేత రానివాళ్లనుకున్నావా?

బయటికి తీసి స్ప్రెడ్‌షీట్లో చేసుకుందామంటే అదొక తద్దినం. సున్నాతో మొదలయ్యే రోల్ నంబర్ల సున్నాలు అక్కడ ఎగిరిపోతాయి. కావలసిన చోట సున్నా ఉండదు, అక్కర్లేని చోట వంద ఉంటాయి. తెలుగులో ఉన్న పేర్లు పిచ్చి గీతలుగా మారతాయి. బ్యాచ్ 3-4 అని రాస్తే ఏదో నెలలో ఏదో తేదీ అయి కూర్చుంటుంది. ఈ తేదీల పిచ్చికి తలవంచింది నేనొక్కదాన్నే కాదులే. మనిషి జన్యువులకు పేర్లు పెట్టే సంఘమే 2020లో మార్చ్1, సెప్ట్1 లాంటి పేర్లు మార్చేసింది, స్ప్రెడ్‌షీట్లు వాటిని తేదీలనుకుంటున్నాయని. జన్యువులే దిగివచ్చాయి, మా బ్యాచ్ ఎంత?

ఒక మాట ఒప్పుకోవాలి. పెద్ద రిజిస్టర్లో ఎర్ర పెన్నుతో మార్కులు వేసి, రాత్రి కూర్చుని వరస వరసా కూడుకుని, చివర్లో ఒకటి తేడా వస్తే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టిన రోజులు నాకు గుర్తున్నాయి. ఆ పని నువ్వు రెప్పపాటులో చేస్తావు. కూడికలో నువ్వు తప్పినట్టు నేనెప్పుడూ చూడలేదు. అందుకే ఇంత కోపం. ఏది కూడాలో తెలియని వాడు ఇంత బాగా కూడితే వినేవాళ్లు నమ్మేస్తారు. తెర మీద రెండు దశాంశాలతో అంకె కనపడితే, అది అమ్మ మీద ఒట్టంత నిజం అనుకుంటారు పిల్లలు. వాళ్ల ఇళ్లల్లో కూడా అంతే. కానీ ఆ రిజిస్టర్లో రానివాడికి 'ఆ' అని, సెలవు పెట్టినవాడికి 'సె' అని రాసేవాళ్లం. దిద్దాల్సినదానికి పెన్సిల్ చుక్క. ఏ సాఫ్ట్‌వేరూ లేకుండా ఒక అట్ట పుస్తకానికి ఈ తేడాలన్నీ తెలుసు.

నీకు అంత కష్టమేం కాదు. రాయలేదు, దిద్దలేదు, గడువుంది, మినహాయింపు, వర్తించదు. ఐదు మాటలు. ఆ గీత స్థానంలో ఈ ఐదింటిలో ఒకటి కనపడేలా చెయ్యి. గడువు దాటాక 'రాయలేదు' అన్నవాటికి మాత్రమే సున్నా వెయ్యి. నాకు కొత్త రంగుల డాష్‌బోర్డు వద్దు, నువ్వు పోయిన నెల పెట్టిన నవ్వుమొహం బొమ్మలూ వద్దు.

అది చేసేదాకా ఆ పని నాదే. 'ఖాళీలన్నిటికీ సున్నా' అని ఒకే నొక్కుడుతో వేసే సదుపాయం నీ దగ్గరుంది, తెలుసు. నొక్కితే ఆస్పత్రిలో ఉన్న పిల్లాడికీ పడుతుంది. అందుకని ఒక్కో గడీ చూసుకుంటూ, ఒక్కో గీత ఎవరిదో, ఎందుకో గుర్తు చేసుకుంటూ సున్నాలు వేస్తున్నాను. నాలుగో అసైన్‌మెంటు కాలమ్‌కు చేరేసరికి ఎడమవైపున పేర్ల కాలమ్ తెర దాటి పోయింది. మార్కులు పంపే గడువు దగ్గర పడుతోంది. సలహాలు తర్వాత విందువుగానీ, ముందు ఈ వరస ఎవరిదో చెప్పు.

ఇట్లు,
నీ గీతల మీద సున్నాలు చుట్టుకుంటున్న
కోర్సు టీచరు