పెద్దలకూ దక్కాలి ఆ మాయ

సెలవులు దగ్గరపడితే చాలు, పిల్లలున్న ఇళ్లలో ఒకటే చర్చ. ఈసారి ఏ థీమ్ పార్కుకు? డిస్నీకి వెళ్దామా, యూనివర్సల్‌కా, లెగోలాండ్‌కా? ఎక్కడికి వెళ్తే పిల్లలు నిజంగా మురిసిపోతారు? వెళ్లొచ్చినవాళ్లను అడిగితే తలోమాట చెబుతారు. ఒకే పార్కులో ఒకే రోజు గడిపిన రెండు కుటుంబాల్లో ఒకరు వేరే లోకం చూసొచ్చామంటారు. మరొకరు కాళ్లు పీకడం, జేబు ఖాళీ కావడం తప్ప ఒరిగిందేమీ లేదంటారు. ఎవరి అభిరుచి వారిదని సరిపెట్టుకోవచ్చు గానీ అది సగం నిజమే. మిగతా సగం పార్కును నడిపే తీరులో ఉంది.

పిల్లల్ని మురిపించడం పెద్ద కష్టమేమీ కాదు. కోట్ల డాలర్లు పోసి కట్టిన రైడ్‌ను వదిలేసి, దాని పక్కనున్న ఫౌంటెన్ దగ్గర తడుస్తూ గంటసేపు నిలబడగలడు నాలుగేళ్ల పిల్లాడు. కష్టమల్లా వాడి వెంట వచ్చిన పెద్దవాళ్లను కాసేపు అన్నీ మరిచిపోయేలా చేయడమే. ఏ థీమ్ పార్కు మాయలోకమో, ఏది ఒట్టి టికెట్ల వ్యాపారమో తేల్చడానికి మా దగ్గరున్న కొలబద్ద అదొక్కటే. దానితో చూస్తే, పేరుమోసిన పెద్ద పార్కులు కొన్నేళ్లుగా తమ మాయను తామే చెరుపుకొంటున్నాయని చెప్పక తప్పదు.

ఆ కొలబద్ద కూడా ఈ రంగానికి దారి చూపినవారిలో ఒకరి నుంచి తీసుకున్నదే. సెలవు రోజున లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో కూతుళ్లిద్దరూ రంగులరాట్నం మీద తిరుగుతుంటే, తాను బెంచీ మీద కూర్చుని పల్లీలు తింటూ ఎదురుచూసేవాడినని వాల్ట్ డిస్నీ చెప్పేవారు. పెద్దలూ పిల్లలూ కలిసి సరదాగా గడిపే చోటు ఒకటి ఉండాలన్న ఆలోచన అక్కడ పుట్టిందే. 1955 జులై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీలాండ్ మొదలైనప్పుడు అంతా అభాసుపాలైంది. దొంగ టికెట్లతో జనం వచ్చిపడ్డారు. ఎండకు తారు మెత్తబడి ఆడవాళ్ల చెప్పుల మడమలు దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె పుణ్యమా అని తాగునీటి కుళాయిలు చాలావరకు పనిచేయలేదు. అయినా ఆ పార్కు నిలదొక్కుకుంది. ఎందుకో చూడాలంటే దాన్ని ఎలా కట్టారో చూడాలి.

పార్కు చుట్టూ ఎత్తుగా మట్టికట్ట పోసి, దాని మీద రైలు పట్టాలు వేశారు. లోపలున్నవారికి బయటి రోడ్లు, కరెంటు స్తంభాలు కంటపడకుండా ఆ ఏర్పాటు. నడుమనున్న కోట ఎత్తు నిజానికి 77 అడుగులే. పైకి వెళ్లేకొద్దీ రాళ్లను, కిటికీలను చిన్నవి చేస్తూ పోవడంతో కింద నిలబడి తల ఎత్తితే ఆకాశాన్ని తాకుతున్నట్టు ఉంటుంది. 1971లో ఫ్లోరిడాలో మ్యాజిక్ కింగ్‌డమ్ కట్టినప్పుడు ఇంకో అడుగు ముందుకు వేశారు. అక్కడ సందర్శకులు తిరిగేది ఒక రకంగా రెండో అంతస్తు. దాని కింద సిబ్బంది రాకపోకలకు పొడవాటి దారులున్నాయి. వేషం వేసుకున్న ఉద్యోగి ఆ దారిన వచ్చి, తనకు కేటాయించిన చోటే పైకి తేలతాడు. పైన పోగయ్యే చెత్తను గొట్టాలు గాలితో లాగేసుకుంటాయి. చెమట, చెత్త, సరుకుల బండ్లు, డ్యూటీలు మారే హడావుడి అన్నీ కంటికి కనిపించని చోట జరిగిపోతాయి. పార్కు పడే పాట్లు అతిథికి తెలియకూడదన్నదే ఈ కట్టడమంతటి వెనకున్న పట్టుదల.

అంత డబ్బు, అంత యంత్రాంగం లేకుండానూ ఆ పని చేయవచ్చని ఐరోపా పార్కులు ఎప్పుడో చూపించాయి. నెదర్లాండ్స్‌లోని ఎఫ్టెలింగ్‌లో 1952లో చిత్రకారుడు ఆంటోన్ పీక్ గీసిన బొమ్మల ఆధారంగా ఒక కథల అడవి వెలిసింది. అందులో గిర్రున తిప్పే రైడ్లు లేవు. చెట్ల మధ్య కాలిబాట వెంట నడుస్తుంటే ఒక్కో మలుపులో ఒక్కో కథ ఎదురవుతుంది. ఆ పార్కులో చెత్తకుండీలు కూడా కథలో పాత్రలే. బొద్దుగా బుగ్గలుబ్బిన తిండిపోతు బొమ్మ నోరు తెరుచుకుని కాగితాలు ఇటివ్వమని అరుస్తూ ఉంటుంది. నోటి దగ్గర చెయ్యి పెడితే కాగితాన్ని గాలి సర్రున లాగేసుకుంటుంది, వెంటనే బొమ్మ థాంక్స్ చెబుతుంది. ఇంక చూడండి, పిల్లలు కింద పడిన కాగితాల కోసం వెతుకులాట మొదలుపెడతారు. దొరకకపోతే నాన్న జేబులోని పాత రసీదుల మీద పడతారు. నాన్న కూడా ఒకటి తానే వేసి చూస్తాడు. చెత్త ఏరడం ఆటగా మారిన చోట పెద్దరికం ఎంతసేపు నిలుస్తుంది?

కోపెన్‌హేగెన్ నడిబొడ్డున ఉన్న టివోలీది మరో తీరు. 1843 నుంచి నడుస్తున్న ఆ తోటను డిస్నీ తన పార్కు కట్టకముందే వెళ్లి చూసి వచ్చారు. అక్కడ 1914 నాటి చెక్క రోలర్ కోస్టర్ ఇప్పటికీ తిరుగుతోంది. ఆ బండిలో బ్రేకులు వేయడానికి ఒక మనిషి కూర్చుంటాడు. ఏ వంపులో ఎంత వేగం ఉండాలో ఆయన చేతిలో పని. నేటి భారీ ఉక్కు కోస్టర్లతో పోలిస్తే అదేమంత భయపెట్టేది కాదు. టివోలీకి రైడ్ ఎక్కని వాళ్లూ వస్తారు. పూలమొక్కల మధ్య నడవడానికి, సంగీతం వినడానికి, చీకటి పడ్డాక దీపాలు చూడడానికి. అందుకే అక్కడ అమ్మమ్మ తాతయ్యలు బ్యాగులకు కాపలా కూర్చోనక్కర్లేదు.

పారిస్ కథ ఇంకా ముచ్చటైనది. 1992లో అక్కడ డిస్నీ పార్కు తెరిచినప్పుడు లోపల వైన్ పోయకూడదని నియమం పెట్టారు. భోజనంతో పాటు గ్లాసు వైన్ లేనిదే ముద్ద దిగని సమాజం అది. ఏడాది తిరిగేసరికి యాజమాన్యం దిగొచ్చి నియమం సడలించింది. పార్కు కష్టాలకు అదొక్కటే కారణం కాదనుకోండి. కానీ పెద్దవాళ్లను పిల్లల వెంట వచ్చే తోకలుగా లెక్కేస్తే ఏమవుతుందో ఆ ఏడాది చెప్పింది.

ఇక ఇప్పటి సంగతికి వద్దాం. క్యూ ఎప్పుడూ ఉంది. మంచి పార్కు ఆ నిరీక్షణను కూడా కథలో భాగం చేసింది. ఫ్లోరిడాలోని యూనివర్సల్ పార్కులో 2010లో హ్యారీ పోటర్ లోకం తెరిచినప్పుడు, రైడ్‌కు వెళ్లే వరుసను కోట గదుల్లోంచే నడిపించారు. గోడల మీద బొమ్మలు మాట్లాడుకుంటుంటే నిలబడ్డామన్న సంగతే గుర్తుండదు. ఊరికే నిలబడితే కాలం కదలదని, చూడడానికో చేయడానికో ఏదో ఒకటి ఉంటే ఇట్టే గడిచిపోతుందని, పక్కవాడిని అన్యాయంగా ముందుకు పంపితే మాత్రం అదే నిరీక్షణ భరించలేనిదవుతుందని మేనేజ్‌మెంట్ పండితుడు డేవిడ్ మైస్టర్ 1985లోనే రాశారు. క్యూలో నిలబడ్డ ప్రతి ఒక్కరికీ ఈ సంగతి ఆయన చెప్పకముందే తెలుసు.

మామూలు క్యూను తప్పించే ఫాస్ట్‌పాస్‌ను డిస్నీ 1999లో తెచ్చింది. టికెట్టు ఉన్న ఎవరికైనా ఉచితమే. యంత్రం దగ్గర చీటీ తీసుకుని, చెప్పిన వేళకు వస్తే చాలు. 2021లో దాని స్థానంలో డబ్బు కట్టే పద్ధతి వచ్చింది. పేర్లు మారుతూ వచ్చినా సారం ఒకటే. ఫ్లోరిడాలో ఇప్పుడు కంపెనీ హోటళ్లలో దిగేవారు ఏడు రోజుల ముందు, మిగతావారు మూడు రోజుల ముందు యాప్‌లో స్లాట్లు, అంటే రైడ్ ఎక్కే వేళలు, పట్టుకోవచ్చు. అంటే ఇంటి నుంచి బయల్దేరకముందే, ఉదయం ఏడింటికి ఫోన్ ముందు కూర్చుని రైడ్ల కోసం పోటీ పడాలన్నమాట. 2024లో ఇంకో మెట్టు పైకి ఎక్కారు. రద్దీ రోజుల్లో మనిషికి వందల డాలర్లు అదనంగా కట్టినవారు ముందస్తు స్లాట్ల బెడద లేకుండా నేరుగా లోపలికి వెళ్లిపోవచ్చు.

దీని ఫలితం ఏ పార్కులోనైనా అరగంట నిలబడితే కళ్లకు కడుతుంది. పరేడ్ వెళ్తోంది. పిల్ల నాన్న భుజం మీదెక్కి చప్పట్లు కొడుతోంది. నాన్న తల మాత్రం ఫోన్‌లోకి వంగి ఉంది. ఒక స్లాట్ వాడేసుకున్నారు కనుక తర్వాతి దానికి దారి తెరుచుకుంది, ఈ రెండు నిమిషాల్లో పట్టుకోకపోతే రాత్రి దాకా దొరకదు. అమ్మ చేతిలో మరో ఫోన్, భోజనం ఆర్డర్ చేస్తోంది. అర్ధ శతాబ్దం కింద సందర్శకుల కాళ్ల కింద దారులు కట్టి దాచిపెట్టిన హడావుడినే తెచ్చి అతిథి చేతిలో పెట్టారు. ఆ పనికి జీతం లేకపోగా ఎదురు డబ్బు కట్టాలి. ఇంటికి తిరిగొచ్చాక ఆ నాన్న పార్కు ఎలా ఉందంటే ఏం చెబుతాడు? ఎన్ని రైడ్లు సాధించామో లెక్క చెబుతాడు.

యాజమాన్యాల వాదనలో బొత్తిగా పస లేదని అనం. డిస్నీలాండ్ తొలినాళ్లలోనూ రైడ్లకు విడివిడిగా టికెట్లుండేవి. చిన్న రైడ్‌కు ‘A’ టికెట్, భారీ రైడ్‌కు ‘E’ టికెట్ అంటూ పుస్తకాలుగా అమ్మేవారు. 1982 దాకా అలాగే నడిచింది. కాబట్టి డబ్బును బట్టి వినోదం అన్నది కొత్తది కాదంటారు. నిజమే, కానీ ఆ రోజుల్లో ‘E’ టికెట్ ఉన్నవాళ్లంతా ఒకే వరుసలో నిలబడేవారు. రెండో వాదన: జీవితంలో ఒక్కసారి, అదీ ఒక్క రోజుకే వచ్చేవారికి సమయం విలువైనది, కొనుక్కునే అవకాశం ఉండాలి కదా అని. ఇది కొంత ఆలోచించదగ్గదే. అయితే రైడ్ మీద గంటకు పట్టే జనం సంఖ్య మారదు. డబ్బు కట్టినవారిని ముందు పంపిన ప్రతిసారీ కట్టనివారి నిరీక్షణ పెరుగుతుంది. అంటే పార్కు ఇక్కడ సమయాన్ని కొత్తగా తయారు చేయడం లేదు, ఒకరి దగ్గర తీసి ఇంకొకరికి అమ్ముతోంది. పక్క వరుసలో జనం పరుగున వెళ్లిపోతుంటే మనమెందుకు వెళ్లకూడదని ఆరేళ్ల పిల్ల అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది తల్లిదండ్రులే.

కుటుంబాన్ని విడదీసేవి డబ్బులొక్కటే కాదు, అంగుళాలు కూడా. యూనివర్సల్‌లో వెలోసీకోస్టర్ అనే రోలర్ కోస్టర్ ఎక్కాలంటే కనీసం 51 అంగుళాల ఎత్తు ఉండాలి. భద్రత కోసం పెట్టిన నియమం, అందులో తప్పు పట్టేదేం లేదు. పన్నెండేళ్ల అన్న ఎగిరి గంతేస్తే, ఆరేళ్ల తమ్ముడు గేటు దగ్గర బావురుమంటాడు. దీనికి పెద్ద పార్కులు కనిపెట్టిన ఉపాయం మాత్రం మెచ్చుకోదగ్గది. పెద్దవాళ్లలో ఒకరు చిన్నవాడి దగ్గర ఉంటారు, మిగతావాళ్లు దిగాక అలా ఆగినవారు మళ్లీ మొదటి నుంచి నిలబడకుండా ఎక్కేస్తారు. యూనివర్సల్‌లో దీనికి ప్రత్యేకంగా కూర్చునే గదులే ఉన్నాయి. పైసా అదనం లేకుండా పార్కులు చేస్తున్న మంచి పనుల్లో ఇదొకటి. ఇలాంటివాటికి ప్రకటనల్లో చోటు దొరకదెందుకో. దీనికి భిన్నంగా, వైకల్యం ఉన్నవారికి క్యూ మినహాయింపు నిబంధనలను డిస్నీ 2024లో బిగించడంతో, అంతకుముందు ఆ సౌకర్యంతోనే రోజంతా గడపగలిగిన కుటుంబాలు ఎన్నో గగ్గోలు పెట్టాయి. దుర్వినియోగాన్ని అరికట్టాల్సిందే. దాని భారం అసలైన అవసరం ఉన్నవారి మీద పడకుండా చూసుకోవాల్సింది మాత్రం కంపెనీయే.

తల్లిదండ్రులకూ ఒక మాట. ఖర్చు పెట్టాం కదా అని తెల్లవారుజామున గేటు తెరవకముందు నుంచి రాత్రి బాణసంచా దాకా మూడేళ్ల పిల్లను ఈడ్చుకు తిరిగితే, ఆ పార్కు ఎంత గొప్పదైనా సాయంత్రానికి ఏడుపే మిగులుతుంది. వయసుకు తగ్గ పార్కు ఎంచుకోవడంలో సగం పని అయిపోతుంది. డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో 1968లో మొదలైన లెగోలాండ్ పన్నెండేళ్ల లోపు పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని నడిచేది. అక్కడికి వెళ్లిన కుటుంబంలో పదహారేళ్ల అక్క ఉంటే ఆమె విసుక్కోవడంలో వింతేమీ లేదు. ఊళ్లో అందరూ వెళ్లారని, ఫొటోలు బాగా వస్తాయని ఎంచుకునే పార్కు ఎవరికి నచ్చుతుందో ముందే చెప్పడం కష్టం.

పార్కుల నుంచి మేము కోరేది ఎక్కువేమీ కాదు. ప్రతి రైడ్‌లో ఎన్ని సీట్లు డబ్బు కట్టిన వరుసకు పోతున్నాయో బయటపెట్టాలి, దానికో హద్దు గీయాలి. రోజులో కొన్ని గంటలైనా స్లాట్లు లేకుండా, ఫోన్ జేబులో పెట్టుకుని తిరిగే వీలుండాలి. నీడ, బెంచీలు, తాగునీరు రైడ్లంత శ్రద్ధగా కట్టాలి. పిల్ల ఎత్తు టైప్ చేస్తే, ఏయే రైడ్లు ఆమెకు అందవో టికెట్ కొనే పేజీలోనే తెలిసిపోవాలి. డబ్బు కట్టి, గంట నిలబడి, గేటు దాకా వెళ్లాక కొలకర్ర పక్కన తెలుసుకోవాల్సిన సంగతి కాదది.