బానెట్ మీద భవిష్య నిధి

జీతం రాళ్ల మీద బతికేవాడికి ఉద్యోగంలో చేరిన కొత్తలోనే అర్థమయ్యే సంగతి ఒకటుంది. భవిష్య నిధిలోంచి డబ్బు తీయడం తేలిక, తీసినది తిరిగి వేయడం కల్ల. అయినా ప్రతి నెలా ఎంతో కొంత జమ పడుతూ ఉంటుంది కాబట్టి గుండె ఆగదు. కారు రంగుకు ఆ ఊరట కూడా లేదు. ఫ్యాక్టరీలో ఒక్కసారి జమ చేస్తారు, అంతే. పాస్‌బుక్కు ఇవ్వరు. తాళంచెవులు, ఒక మిఠాయి డబ్బా చేతిలో పెట్టి ఫొటో తీసి పంపిస్తారు.

ఆ జమ ఎంతో నాకు ఐదేళ్ల తర్వాత తెలిసింది. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటి మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పూత. నాలుగూ కలిపితే చాలా కార్లలో 100 నుంచి 150 మైక్రాన్లు. మనిషి తల వెంట్రుక మందం ఇంచుమించు 70. అంటే వాయిదాలు కడుతూ కొనుక్కున్న బండి అందమంతా రెండు వెంట్రుకల మందంలో ఉంది. అందులోనూ మెరిసేదీ, ఎండను కాసేదీ పైనున్న క్లియర్ కోటే. అది సుమారు 40 మైక్రాన్లు, అంటే సగం వెంట్రుకకు కాస్త ఎక్కువ. బట్టతల పాఠకులు నొచ్చుకోవద్దు, కొలతకు ఇంతకంటే మంచిది దొరకలేదు.

ఈ నిధి మీద మొదటి చెయ్యి నాదే. షోరూము నుంచి బండిని తిన్నగా జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడికి తీసుకువెళ్లాను. హైదరాబాదులో కొత్త బండికి అది ఆనవాయితీ. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, కుంకుమ బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు, పూలదండ, అన్నీ శాస్త్రోక్తంగా జరిగాయి. పూజకు వంక పెట్టే సాహసం నాకు లేదు. ఎండిపోయిన పసుపును మర్నాడు జేబురుమాలుతో రుద్ది రుద్ది తీసింది ఆ తల్లి కాదు, నేను.

రెండో చెయ్యి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది. తెల్లవారుజామున ఐదింటికి ఒక బకెట్టు, ఒక గుడ్డతో పన్నెండు కార్లు తుడుస్తాడు. మొదటి కారు దుమ్ము గుడ్డకు అంటుకుని రెండో కారుకు, అక్కడి ఇసుక మూడో కారుకు, ఇలా పన్నెండో బండికి వచ్చేసరికి అందరి మట్టీ అందరికీ అందుతుంది. సంపదను సమానంగా పంచుతామన్న వాగ్దానం ఈ దేశంలో పూర్తిగా అమలైన చోటు మా సెల్లారు ఒక్కటే. పన్నెండోది నా బండి. ఆ తర్వాత బోరు నీళ్లు. మా బోరు నీళ్లతో కడిగిన కారును ఎండలో ఆరనిస్తే ప్రతి బొట్టూ ఒక తెల్లటి సున్నపు చుక్క పెట్టి మరీ వెళుతుంది.

ఇన్ని జరుగుతున్నా ఐదేళ్లు నేను సుఖంగానే ఉన్నాను. ఎందుకంటే చూడలేదు. చూపించింది మా బావమరిది. భోజనం చేసి కిందికి దిగి, వెళ్లేవాడు వెళ్లక ఫోను టార్చి వెలిగించి బానెట్ మీదికి వంచాడు. “బావగారూ, ఒక్కసారి ఇటు చూడండి.”

చూశాను. దీపం చుట్టూ సాలెగూడు. సన్నటి గీతలు వందలకొద్దీ, గుండ్రంగా, గుడి గోపురం మీద చెక్కినంత శ్రద్ధగా ఉన్నాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత చదివి తెలుసుకున్నది ఏమిటంటే, ఆ గీతలు అసలు గుండ్రంగా ఉండవు. ఎటు పడితే అటు అడ్డదిడ్డంగానే ఉంటాయి. వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి కాబట్టి దీపం చుట్టూ వలయాలుగా కనిపిస్తాయి. టార్చి పక్కకు జరిపితే సాలెగూడు కూడా దానితో పాటే జరుగుతుంది. ఎటు వెళితే అటు వెంటపడే ఈ దుఃఖానికి కారణం గీతలు కాదని, టార్చి అని నా నిశ్చితాభిప్రాయం. తుపాకికి ఉన్నట్టు దీనికీ లైసెన్సు ఉండాలి. బావమరుదులకు అసలు ఇవ్వకూడదు.

పైగా నాది నల్ల కారు. నలుపు నారాయణుడు మెచ్చు అని మా అమ్మ అంటే సరేనన్నాను. నారాయణుడు మెచ్చిన నలుపు పాలసముద్రంలో ఉంటుంది, సెల్లారు దుమ్ములో కాదు. ఫోర్డ్ కంపెనీ తన మోడల్ టీ కారును 1914 నుంచి 1925 దాకా నలుపులో మాత్రమే అమ్మింది. ఆ పదకొండేళ్లూ కొన్నవాళ్లకు వేరే దారి లేదు. నాకు తెలుపు కూడా చూపించారు.

సరే, ఆ గీతలు పోగొట్టడానికి పాలిష్ మెషిన్ కొన్నాను. ఇక్కడ అజ్ఞానికి మొదటి పరీక్ష ఎదురవుతుంది. పాలిష్ మెషిన్లు ప్రధానంగా రెండు రకాలు. రోటరీ అనేది ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. పనిమంతుడి చేతిలో అద్భుతం, నాలాంటి వాడి చేతిలో కొరివి. ఒక్కచోట నాలుగు క్షణాలు ఎక్కువ ఆగితే వేడెక్కి పూతను కాల్చేస్తుంది. రెండోది డ్యూయల్ యాక్షన్. తన చుట్టూ తాను తిరుగుతూ, మళ్లీ పక్కకు ఊగుతూ తిరుగుతుంది, భూమి సూర్యుడి చుట్టూ తిరిగినట్టు. గట్టిగా నొక్కితే తిరగడం మానేసి వణుకుతూ ఊరుకుంటుంది. మూర్ఖుడి బలాన్ని తట్టుకునేలా చేసిన యంత్రం కాబట్టి మర్యాదగా అదే తెచ్చుకున్నాను. ప్యాడ్, అంటే బండికి ఆనే మెత్తటి బిళ్ల, తిరుగుతోందో లేదో తెలియడానికి దాని వెనుక ప్లేటు మీద నల్ల మార్కరుతో ఒక గీత పెట్టుకోవాలట. గీతలు పోగొట్టుకునే యజ్ఞం ఒక గీతతో మొదలైంది.

శనివారం ఉదయం కారు కడిగాను. రెండు బకెట్లు, ఒకటి సబ్బు నీళ్లకు, ఒకటి గుడ్డ జాడించడానికి. ఇనుప రజను కరిగించే ద్రవం చల్లితే కారంతా ఊదారంగు చారలు కారాయి. బ్రేకుల నుంచి, రోడ్ల నుంచి లేచి పూతలో గుచ్చుకున్న ఇనుము కరుగుతున్న గుర్తు అది. ఆపైన సబ్బు నీళ్లు చల్లుకుంటూ క్లే అనే జిగురు ముద్దతో ఒళ్లంతా రుద్దాను. బాల్కనీలోంచి మా ఆవిడ చాలాసేపు చూసింది.

“ఏమండీ, పిల్లలకు ఒక్క పండగకైనా మీరు నలుగు పెట్టారా?”

పెట్టలేదు. కానీ ఆ ప్రశ్నలో ఆమెకు తెలియకుండానే ఒక శాస్త్ర సత్యం ఉంది. సున్నిపిండితో నలుగు పెట్టినా, కాంపౌండు అనే గరుకు ముద్దతో పాలిష్ పట్టినా జరిగేది ఒకటే, పైపొర అరిగిపోవడం. గీత పోవడం అంటే గీత పూడిపోవడం కాదు. గీత అడుగు ఎంత లోతుందో అంతవరకు చుట్టుపక్కలదంతా చెక్కి చదును చేయడం. ఒళ్లు రుద్దితే మళ్లీ చర్మం వస్తుంది. బానెట్‌కు రాదు. గట్టి ప్యాడ్, గరుకు కాంపౌండు పెట్టి ఒక విడత తిప్పితే రెండు మూడు మైక్రాన్లు ఖర్చు. నలభైలో మూడు. వడ్డీ లేదు.

అందుకే తెలిసినవాళ్లంతా చెప్పే మాట ఒకటే, గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తవద్దని. ముందు మెత్తటి ప్యాడ్, నునుపు పాలిష్‌తో చిన్నచోట పరీక్షించి, చాలకపోతేనే గట్టిదానికి వెళ్లాలి. నేను ఈ సలహాను రెండుసార్లు చదివి, అంగీకరించి, గొడ్డలి ఎత్తాను.

అంచులకూ, నల్ల ప్లాస్టిక్ పట్టీలకూ మాస్కింగ్ టేపు అతికించాను. ప్యాడ్ మీద బఠాణీ గింజంత కాంపౌండు చుక్కలు నాలుగు వేశాను. ఆనించి స్విచ్చి వేయమని చెప్పారు. నేను గాల్లో వేశాను. కుండ మూత తీసి కవ్వం తిప్పితే ఏమవుతుందో తెలుగింట పుట్టినవారికి చెప్పనక్కరలేదు. స్తంభం, పక్కవారి స్కూటరు, వాచ్‌మన్ సైకిలు, నా కళ్లజోడు, అన్నీ పెరుగన్నం తిన్న పసిపిల్లల్లా తయారయ్యాయి. బానెట్ మీద మాత్రం ఒక్క చుక్క పడలేదు.

రెండో ప్రయత్నంలో రెండడుగుల చదరం తీసుకున్నాను. అడ్డంగా, తర్వాత నిలువుగా, ప్రతి వరుసా ముందు వరుసను సగం కప్పేలా, క్షణానికి అంగుళం చొప్పున నడిపాను. క్షణానికి అంగుళం అంటే నత్త కూడా విసుక్కునే వేగం. ఐదు నిమిషాల తర్వాత మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచాను.

ఇక్కడ వెటకారం కాసేపు పక్కన పెడతాను. ఆ చదరంలో సెల్లారు ట్యూబులైటు అంచులతో సహా కనిపించింది. పైపుల మీద రాసిన నంబర్లు చదవగలిగాను. నా ముఖం కనిపించింది, ఐదేళ్లు చిన్నగా. యాభై ఏళ్లు దాటిన మనిషి కారు ముందు మోకాళ్ల మీద కూర్చుని నవ్వుకోవడం వాచ్‌మన్ చూసి చీపురు పట్టుకుని అటు వెళ్లిపోయాడు.

తర్వాత సత్య పరీక్ష. పాలిష్‌లోని నూనెలు గీతల్లోకి దిగి కప్పేస్తాయి, కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి చూడాలి. తుడిచాను. గీతల్లో సగం తిరిగి వచ్చాయి. పైన పటారం, లోన లొటారం. మళ్లీ తిప్పాను. మళ్లీ తుడిచాను. బానెట్ మధ్యలో ఉబ్బెత్తు గీత ఒకటి ఉంటుంది, అటువంటి మడతల దగ్గర పూత పలచగా ఉండవచ్చునని, అక్కడ ఆగకూడదని అంటారు. నేను అక్కడే ఆగాను, గీతలు అక్కడే ఎక్కువ ఉన్నాయి మరి. ఐదోసారి తిప్పేటప్పుడు కరెంటు పోయింది. విద్యుత్ శాఖ చేసిన మేళ్లలో దీన్ని మొదటిదిగా లెక్కిస్తాను.

సాయంత్రానికి లెక్క తేలింది. బండికి అలాంటి చదరాలు ముప్పైకి పైగా ఉన్నాయి. పూర్తయినది ఒకటి. దాని పక్కన మిగిలిన కారు ఎవరో వదిలేసి వెళ్లినదానిలా ఉంది. మూడో అంతస్తు పెద్దాయన కిందికి వచ్చి కళ్లద్దాలు సర్దుకున్నారు. “ఏమయ్యా, ఎక్కడ గుద్దావు?”

మా బావమరిది ఫోనులో ఓదార్చాడు. రంగు పైన సిరామిక్ కోటింగ్ అనే రక్షణ పూత వేయించుకోమన్నాడు, 9హెచ్ గట్టిదనం అన్నాడు. ఆ 9హెచ్ వజ్రాల లెక్క కాదు, పెన్సిళ్ల లెక్క. తొమ్మిదో నంబరు గట్టి పెన్సిలుతో గీసినా గీత పడదని అర్థం. మా అపార్ట్‌మెంట్ పిల్లలు బొమ్మలు గీయాలనుకుంటే పెన్సిలు వెతుక్కోరు. మెట్ల దగ్గర గులకరాళ్లు కావలసినన్ని ఉన్నాయి.

ఏడాది తర్వాత బండి అమ్మకానికి పెట్టాను. పాత కార్లు కొనే ఒక సంస్థ నుంచి కుర్రాడు వచ్చాడు. చేతిలో పూత మందం కొలిచే చిన్న మీటరు. తలుపు మీద ఆనించాడు, 118. పైకప్పు, 116. ప్లాస్టిక్ బంపరు మీద అది పలకదు కాబట్టి వదిలేశాడు. బానెట్ ఎడమ పక్క, 117. మధ్యలో నా చదరం మీద పెట్టి ఆగాడు. తీసి మళ్లీ పెట్టాడు. మీటరును చొక్కాకు తుడిచి ఇంకోసారి పెట్టాడు. 99.

“సార్, రంగు మందం ఎక్కువుంటే యాక్సిడెంట్ అయి మళ్లీ రంగు వేయించారని రాస్తాం. తక్కువుంటే ఏమి రాయాలో ఈ ఫారంలో గడి లేదు.”

పెళ్లికీ, ఇంటికీ, వైద్యానికీ ఇస్తారని నా సర్వీసంతా విన్న మాటే నోటికి వచ్చింది. పాక్షిక ఉపసంహరణ అని రాసుకోమన్నాను.