దేనికి ఈ గ్యారంటీ?

నల్లగొండ, దేవరకొండ, నాగర్‌కర్నూల్. ఏ బస్టాండులో దిగినా స్తంభం మీద కాగితం అంటించి ఉంటుంది. సోరియాసిస్ నయం చేస్తాం, గ్యారంటీ అని. కింద ఫోన్ నంబరు.

దేనికి గ్యారంటీ? సోరియాసిస్‌ను పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికి లేదు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల సభ చేసిన తీర్మానమూ ఇదే చెప్పింది. ఇది గజ్జి కాదు, తామర కాదు, ముట్టుకుంటే అంటదు. రోగనిరోధక వ్యవస్థ దారి తప్పడంతో, నెల పట్టాల్సిన చర్మ కణాల ఎదుగుదల నాలుగైదు రోజుల్లోనే అయిపోతుంది. అందుకే ఎర్ర మచ్చలు, వాటిపై తెల్లటి పొలుసులు. బీపీ, షుగర్‌లాగే అదుపులో పెట్టుకుని బతకాల్సిన జబ్బు.

వారంలో తగ్గింది కదా అంటారు. తగ్గుతుంది. వాళ్లిచ్చే మూలికల పొడిలో స్టెరాయిడ్ కలిపినా, ఆర్‌ఎంపీ స్టెరాయిడ్ సూది వేసినా పొలుసులు రాలిపోతాయి. అది ఆపేశాక జబ్బు మరింత ముదిరి తిరగబెట్టొచ్చు. కొందరికి ఒళ్లంతా ఎర్రబారి, చీము పొక్కులు లేస్తాయి. మే నెల ఎండలోనూ దుప్పటి కప్పుకుని వణుకుతారు. ప్రాణం మీదికొచ్చిన ఆ రోజు గ్యారంటీ ఇచ్చినవాడు ఫోనెత్తడు.

మన నల్లగొండ జిల్లాలో ఇంకో చిక్కుంది. కీళ్లు నొప్పి అనగానే ఫ్లోరైడ్ నీళ్లే అనుకుంటాం. సోరియాసిస్ ఉన్నవారిలో నూటికి 30 మంది దాకా కీళ్లవాతం వస్తుంది. వేళ్లు వాచి, గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలు పడితే అనుమానించాలి. ఆలస్యమైతే కీలు వంకరపోవచ్చు, మళ్లీ సరికాదు. ఆ ఆలస్యానికి గ్యారంటీ ఎవరిస్తారు?

పల్లెలో డాక్టరుండడు, ఆర్‌ఎంపీయే దిక్కు అనే మాటలో నిజముంది. అందుబాటులో ఉండటం వేరు, లేని నయాన్ని అమ్మడం వేరు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల డాక్టర్లున్నారు. సోరియాసిస్‌కు వాళ్లు రాసే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాలే పోవచ్చు. రక్త పరీక్షలు చేయిస్తూ డాక్టరు ఇవ్వాల్సిన మందు అది.

మందుల గురించి తప్పుడు ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మొద్దని 2018లో కేంద్రం ఆదేశించింది. అయినా గ్యారంటీ కాగితం స్తంభం మీదే ఉంది. దాన్ని ప్రకటనగా వేసే పత్రికలకూ, కేబుల్ చానళ్లకూ ఈ పాపంలో వాటా ఉంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లూ, ఆ బస్టాండు ముందు నుంచే కదా మీరు రోజూ ఆఫీసుకు వెళ్లేది? ఆ నంబరుకు ఫోన్ చేయండి. పొడి కొనండి. ల్యాబ్‌కు పంపండి.