మనోడే... అంటే, మనోళ్లేనా?

ఆర్నెల్లకోసారి వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరిగొస్తుంది. "మీకు తెలుసా? బాలీవుడ్‌ని నవ్వించిన జానీ లీవర్ మన కనిగిరి వాడే! తెలుగువాడివైతే షేర్ చెయ్యి." కింద ఆరు దండాలు, మూడు జెండాలు. నేను ఇప్పటిదాకా షేర్ చెయ్యలేదు. అందుకని మా బాబాయికి నా పుట్టుక మీదే అనుమానం.

ఆ మధ్య, కనిగిరి ఇంకా ప్రకాశం జిల్లాలోనే ఉండగా, ఒంగోలులో మావాళ్ల గృహప్రవేశం. పాలు పొంగాయి, వ్రతం అయింది, మొదటి బంతి లేవలేదు. మిగిలినవాళ్లం హాల్లో కొత్త టీవీ ముందు చేరాం. దాని అంచులకు ప్లాస్టిక్ కాగితం ఇంకా తియ్యలేదు. ఏదో హిందీ ఛానెల్లో 'దుల్హే రాజా' వస్తోంది. హోటల్ మేనేజరు వేషంలో జానీ లీవర్ ఇలా కనపడ్డాడో లేదో, బాబాయి అలా లేచి రిమోట్ అందుకుని సౌండ్ పూర్తిగా తగ్గించేశాడు. మనోడి గురించి చెప్పాలంటే ముందు మనోడి నోరు మూయించాలి కదా.

"మనోడే! మన ప్రకాశం జిల్లా!"

"ఒక్క నిమిషం బావగారూ," అన్నాడు నెల్లూరు మావయ్య. రిటైరయ్యాక ఆయనకు చరిత్ర మీద మోజు పుట్టింది. "ఆయన పుట్టింది 1957. మీ జిల్లా పుట్టింది 1970. అప్పటికి కనిగిరి మా నెల్లూరులో ఉండేది. కాబట్టి మావాడు."

ఇంకేముంది! బాబాయి ఎర్రబడ్డాడు. మా తాతల కాలం నాటి పొలం గట్టు తగాదా కూడా ఇంత వేడిగా జరిగి ఉండదు. జిల్లా విడిపోయినప్పుడు ఊళ్లతో పాటు ఊళ్లో పుట్టినవాళ్లు కూడా కొత్త జిల్లాకే వస్తారని బాబాయి. వస్తారు గానీ, పాత పుట్టుకలు రావని మావయ్య. హైదరాబాదు నుంచి వచ్చిన కొత్తల్లుడు పాపం, అమాయకంగా, "ఆయన పెరిగిందంతా ధారావిలో కదండీ" అన్నాడు. ఇద్దరూ ఒక్కటై అతని మీద పడ్డారు. ఇదే పట్టుదల వెలిగొండ ప్రాజెక్టు మీద చూపించి ఉంటే కనిగిరి పొలాల్లోకి కృష్ణ నీళ్లు ఎప్పుడో వచ్చి ఉండేవి.

టీవీలో ఆ మనిషి ఖాదర్ ఖాన్‌కీ గోవిందాకీ మధ్య చిక్కుకుని, భుజాలూ మెడా కళ్లూ ఒక్కోటి ఒక్కో దిక్కుకి పోతుంటే, మాటల్లేకుండానే నవ్విస్తున్నాడు. ఒక్కరు చూస్తే ఒట్టు.

అప్పుడు ఆ మూల కుర్చీలోంచి ఒక పెద్దాయన ముందుకు వంగాడు. గొంతు తగ్గించాడు. తెలుగు నేల మీద ఏ ప్రతిభ గురించి మాట్లాడినా పావుగంట దాటాక రావలసిన ప్రశ్న అది. కాస్త ఆలస్యమైందంతే.

"అంటే... మనోళ్లేనా?"

చూశారా, 'మన' అనే మాట ఎంత గొప్పదో! దేశమంతా పరుచుకుని బయల్దేరుతుంది. భోజనాల వేళకి అగ్గిపెట్టెలో పట్టేంత చీరలా మడతపడిపోతుంది. అసలు పేరేమిటని ఫోన్లో వెతికారు. జనుమాల జాన్ ప్రకాశరావు. చివర 'రావు' చూసి విప్పారిన మొహాలు మధ్యలో 'జాన్' దగ్గరికి వచ్చేసరికి ముడుచుకున్నాయి. "ఓహో," అన్నాడు పెద్దాయన, వెనక్కి వాలుతూ. "పోన్లెండి, కళాకారుడికి అవన్నీ ఏముంది," అని బాబాయి సర్దేశాడు. రెండు నిమిషాల్లో ఛానెల్ మారింది.

ఏ 'మన' బాబాయ్ ఇది? ఇంట్లో డబ్బుల్లేక ఏడో తరగతితో చదువు ఆపేసినప్పుడు ఈ మన ఎక్కడుంది? బొంబాయి రోడ్ల మీద సినిమా హీరోల గొంతులు అనుకరిస్తూ పెన్నులు అమ్ముకున్నప్పుడు, "తెలుగువాడివైతే కొను" అని ఎవరైనా మెసేజ్ పెట్టారా? తండ్రి పనిచేసే హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలోనే కూలి పనికి చేరాడు. కంపెనీ ఫంక్షన్లో ఆఫీసర్లను అనుకరిస్తే, తోటి కార్మికులు నవ్వి నవ్వి 'జానీ లీవర్' అన్నారు. అంటే ఇంటిపేరు సబ్బుల కంపెనీది, పెట్టింది కూలీలు. స్టేజీ ఇచ్చింది కచ్ఛీ అన్నదమ్ములు, సంగీత దర్శకులు కల్యాణ్‌జీ–ఆనంద్‌జీ. 1982లో 'దర్ద్ కా రిష్తా'లో వేషం ఇచ్చింది పంజాబీ సునీల్ దత్. ఈ లెక్కలో మన ఖాతా ఎక్కడో నాకైతే కనపడలేదు. కనిగిరి నుంచి ఇవాళ్టికీ కరువుకీ ఫ్లోరైడ్ నీళ్లకీ తట్టుకోలేక బస్సెక్కుతున్నవాళ్లున్నారు. వాళ్లు మనోళ్లు కారు. ముందు ఫేమస్ అవ్వాలి.

బొంబాయి వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? 1993లో 'బాజీగర్' వచ్చింది. హీరో ప్రియురాలిని మేడ మీంచి తోసేసే సినిమా. అందులోనూ మతిమరుపు నౌకరు బాబూలాల్‌గా వచ్చి జనాన్ని నవ్వించాడు. ఇక అక్కణ్నుంచి సినిమా తర్వాత సినిమా. కథ ఒక పక్క నడుస్తుంటుంది, ఇంకో పక్క జానీ. పెళ్లి విస్తట్లో ఆవకాయ లాగా, అది లేకపోతే ముద్ద దిగదు గానీ భోజనం బాగుందన్న పేరు మాత్రం పప్పుకీ కూరకీ. 'దీవానా మస్తానా'కీ ఈ 'దుల్హే రాజా'కీ వరసగా ఫిల్మ్‌ఫేర్ హాస్యనటుడి అవార్డు ఇచ్చారు. 2007 తర్వాత ఆ అవార్డే ఎత్తేశారు. హీరోలే కామెడీ చేసేస్తుంటే ఇంకా వేరే మనిషెందుకని కాబోలు.

లేచేముందు బాబాయి ఒక మాటన్నాడు. నిజానికి నాకు కాలింది అక్కడే. "ఏదేమైనా, ఆ మొహం చూస్తేనే నవ్వొస్తుంది రా."

మొహం కాదు బాబాయ్. మొహం చూస్తే నవ్వొచ్చేట్టయితే ధారావిలో మొహం చూపించి పెన్నులు అమ్ముకునేవాడు, గొంతు అరగదీసుకునేవాడు కాదు. పొద్దంతా ఫ్యాక్టరీలో బరువులు మోసి, ఎవరు ఎలా నడుస్తారో, ఎవరు ఎక్కడ గుటక వేస్తారో కనిపెట్టి, దాన్ని ఒంటికి పట్టించుకున్న మనిషి. అది చాకిరీ. కూలి చాకిరీ కంటే ఎక్కువ చాకిరీ. నలుపునీ బక్కదనాన్నీ చూసి నవ్వేసి, దాన్ని ఆయన గొప్పతనం కింద జమకట్టకండి.

ఇదంతా పైకి అనలేదు. రెండో బంతికి పిలుపొచ్చింది.

చేతులు కడుక్కుని వచ్చేసరికి వరండాలో నవ్వులు. బాబాయి మనవడు, ఆరో తరగతి చదివే బుడ్డోడు, దువ్వెనని రిమోట్‌లా పట్టుకుని నిలబడ్డాడు. పొట్ట కాస్త ముందుకు తోశాడు, పంచె కుచ్చిళ్లు సర్దుకున్నట్టు చెయ్యి ఆడించాడు, గొంతులో ఆ చిన్న దగ్గుతో సహా, "మనోడే! మన ప్రకాశం జిల్లా!" అన్నాడు. అచ్చం బాబాయే. వంటవాళ్లు కూడా గరిటెలు వదిలేసి చూస్తున్నారు.

బాబాయి విస్తరి ముందు నుంచి లేచొచ్చి వాడి చెవి పట్టుకున్నాడు. "వెధవా, కోతి వేషాలు వేస్తున్నావా? పో, పోయి చదువుకో!"