మా నాన్నగారి పేరు ముక్కలు చేసి ఇచ్చారు

ఇప్పుడే ఫ్లెక్సీ షాపు నుంచి వచ్చాను. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. అన్నానికి రమ్మని అమ్మ రెండుసార్లు పిలిచింది. ఇది రాసేదాకా నాకు ముద్ద దిగదు.

ఎల్లుండి నాన్నగారి సంవత్సరీకం. వాకిట్లో కట్టడానికి 6 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తున ఫ్లెక్సీ చెప్పాం. పైన 'జ్ఞాపకార్థం' అని, మధ్యలో ఆయన ఫొటో, కింద పేరు, తిథి, భోజనాల వేళ. నాలుగు లైన్లు. నేనే ఫోన్లో తెలుగులో టైప్ చేసి, తమ్ముడి చేత ఒకసారి చదివించి, వాట్సాప్‌లో షాపుకి పంపాను. వాళ్లు చేయాల్సిందల్లా దాన్ని కాపీ చేసి పేస్ట్ చేయడమే.

షాపు కుర్రాడు చుట్ట విప్పి బల్ల మీద పరిచాడు. లక్ష్మణమూర్తి అని ఉండాల్సిన చోట 'లక్‌ష్‌మణమూర్‌తి' అని ఉంది. పైన 'జ్‌ఞాపకార్‌థం'. ఒక్క ఒత్తు కిందకి దిగలేదు. క నెత్తిన పొల్లు, ష నెత్తిన పొల్లు, అక్షరాలన్నీ ఒకదానితో ఒకటి మాటల్లేనట్టు వరసగా నిలబడ్డాయి. జానెడేసి ఎత్తున్న అక్షరాలు. వీధి చివర నుంచి కనబడతాయి.

"ఇదేంటి బాబూ?" అన్నాను.

"ఏటవుద్దక్కా, అందరికీ అర్థమైపోద్ది కదా. తెలుగు కంప్యూటర్లో అలాగే వస్తాది" అన్నాడు.

కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఇరవయ్యేళ్లుంటాయేమో. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, బడిలో ఒడియా చదివాడు, తెలుగు రాయడం వాడికి ఎవరూ నేర్పలేదు. ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న మా పర్లాకిమిడిలో అలాంటి పిల్లలు ఇంటికొకరు ఉన్నారు. కానీ 'తెలుగు కంప్యూటర్లో అలాగే వస్తాది' అన్న మాట వాడి బుర్రలో పుట్టింది కాదు. ఎవరో చెప్పారు, వాడు నమ్మాడు, రోజుకు పదిమందికి అదే చెబుతున్నాడు, ఆ పదిమందీ తలూపి డబ్బులిచ్చి వెళ్తున్నారు. నా కోపమంతా ఆ తలూపడం మీద.

ఎందుకు అలాగే వస్తుందండీ? ప్రపంచంలోని లిపుల్లో ఒక్కో అక్షరానికి ఒక్కో నంబరు ఇచ్చే పట్టిక యూనికోడ్. తెలుగుకి అందులో చోటు దొరికింది 1991లో, మొట్టమొదటి వెర్షన్‌లోనే. 128 గడులు మనవి. పట్టిక తీసి చూడండి, ముందు ఒడియా, తరువాత తమిళం, ఆ వెంటనే తెలుగు. ఇస్కీ అని మన దేశంలోనే తయారైన పాత కోడ్ అమరికనే అందులోకి తీసుకున్నారు కాబట్టి ఒడియా 'క', తెలుగు 'క' ఎవరి పట్టికలో అవి సరిగ్గా ఒకే గడిలో కూర్చుంటాయి. మా ఊళ్లో ఒడియా ఇల్లూ తెలుగు ఇల్లూ గోడ కలుపుకుని ఉన్నట్టే. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే తెలుగు ఫాంటుతో సహా వచ్చింది. ఆ కుర్రాడు అప్పటికి పుట్టి కూడా ఉండడు.

మరి ఒత్తు ఎందుకు దిగలేదు? 'జ్ఞా' అని మన కంటికి ఒక్కటిగా కనిపించేది కంప్యూటర్ లోపల నాలుగు ముక్కలు. జ, పొల్లు, ఞ, దీర్ఘం. ఈ నాలుగూ వరసగా వచ్చాయని గమనించి, ఞని జ కింద ఒత్తుగా దించి, దీర్ఘాన్ని దాని చోట తగిలించే పని వేరే ఒక భాగం చూసుకుంటుంది. షేపింగ్ ఇంజిన్ అంటారు. మీరు ఇది చదువుతున్న ఫోన్లో ఉంది. హార్ఫ్‌బజ్ అని ఒక ఇంజిన్ ఉచితంగా దొరుకుతుంది, ఆండ్రాయిడ్‌లోనూ క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ ఈ పని చేస్తున్నది అదే. డిజైన్ సాఫ్ట్‌వేర్లలోనూ ఉంటుంది. సెట్టింగుల్లో 'వరల్డ్ రెడీ' అనో, పాత వెర్షన్లయితే 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' అనో ఒక ఆప్షన్ కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుని, ఫైలు కొత్తగా తెరిస్తే ఒత్తులన్నీ బుద్ధిగా కిందకి దిగుతాయి. అర నిమిషం పని. ఆ అర నిమిషం ఎవరూ పెట్టలేదు కాబట్టి మా నాన్నగారి పేరు నాలుగు ముక్కలైంది.

ఇంకొక రకం షాపులున్నాయి. వాళ్ల దగ్గర పాత ఫాంట్లుంటాయి. ఇంగ్లీష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు అతికించిన ఫాంట్లు. మనం పంపిన తెలుగు అందులోకి రాదు, వాళ్లు మొదటి నుంచి కొట్టాలి. కొట్టేటప్పుడు కొత్త తప్పులు. ఆ ఫైలు ఇంకో కంప్యూటర్లో తెరిస్తే తెలుగు మాయమై ఇంగ్లీష్ చెత్త కనిపిస్తుంది. 90ల్లో వేరే దారి లేక చేసిన ఏర్పాటు అది. అప్పుడు వాటిని తయారుచేసిన వాళ్లకు దండం పెడతాను, తెలుగు అచ్చు పనిని వాళ్లే కంప్యూటర్ మీదకు తెచ్చారు. ఇప్పటికీ దాన్నే పట్టుకుని వేలాడటం మాత్రం నాకు మింగుడు పడదు.

ఆ 'జ్ఞా' అక్షరానికే ఇలా జరగడం నన్ను మరీ మండించింది. 2018 ఫిబ్రవరి గుర్తుందా? జ్ఞ తరువాత కంటికి కనిపించని ఒక గుర్తు, ఆ పైన దీర్ఘం, ఈ కూర్పు మెసేజ్‌లో వస్తే ఐఫోన్లో యాప్‌లు కుప్పకూలిపోయేవి. ఊరూరా అదే వార్త, 'తెలుగు అక్షరం ఫోన్లను కూల్చేస్తోంది' అని. తప్పు ఎవరిది? అక్షరాన్ని సరిగ్గా పేర్చలేకపోయిన సాఫ్ట్‌వేర్‌ది. ఆపిల్ కంపెనీ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దుకుంది కూడా. కానీ పేరు పడింది మన అక్షరానికి. ఇల్లు కట్టినవాడు గుమ్మం పొట్టిగా పెట్టి, తల తగిలినవాడిదే తప్పన్నట్టు. అప్పుడు మనవాళ్లే ఆ అక్షరాన్ని సరదాకి ఒకరికొకరు పంపుకున్నారు. విజ్ఞానం, జ్ఞాపకం, ప్రజ్ఞ, ఆజ్ఞ రాసుకునే అక్షరమండీ అది. నాకు అప్పుడూ నవ్వు రాలేదు.

మా నాన్నగారు ఇక్కడే సర్కారు బడిలో తెలుగు పంతులుగారు. ఇంటికి పెళ్లి శుభలేఖ వస్తే ఆయన ముందు ముహూర్తం చూసేవారు కాదు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి తప్పులకు సున్నాలు చుట్టేవారు. 'ఆశీర్వదించ'లో ర కింద వ ఒత్తు పోతే పక్కన చిన్నగా రాసి, అప్పుడు తేదీ చదివి, "వెళ్దాం, మంచి కుటుంబం" అనేవారు. ఆ శుభలేఖలు ఇంకా ఇనప్పెట్టెలో ఉన్నాయి. అలాంటి మనిషి పేరు ఈ రోజు అరువు అక్షరాల్లా విడివిడిగా ఒక ప్లాస్టిక్ గుడ్డ మీద పడి ఉంటే, అర్థమైపోద్ది కదా అంటారు.

అర్థం కావడం దగ్గరే ఆగిపోతాం మనం. గ్రూపుల్లో మన బంధువులు చేసేదీ అదే. తెలుగు మాటను ఇంగ్లీష్ అక్షరాల్లో రాయడం. ఈ సంగతి చెబితే ప్రతిసారీ నా మీద పడతారు, ఈ రోజు చెప్పేస్తాను.

నిరుడు నాన్నగారు పోయినప్పుడు అమ్మ ఫోన్‌కి రోజంతా మెసేజ్‌లు వచ్చాయి. అమ్మకు తెలుగు చదవడం వచ్చు. ఇంగ్లీష్ రాదు. ఒడియా బజార్లో మాట్లాడుతుంది గానీ చదవలేదు. పదో రోజున విశాఖలో ఉన్న మా పిన్ని కొడుకు పెద్ద మెసేజ్ పెట్టాడు. చిన్నప్పుడు పెదనాన్న తనను సైకిల్ వెనక సీటు పట్టుకుని మహేంద్రతనయ ఒడ్డున తొక్కించిన సంగతి, పడితే మోకాలికి పసుపు అద్దిన సంగతి. వాడు రాసిన ప్రతి మాటా తెలుగే. అక్షరాలు మాత్రం ఇంగ్లీష్‌వి. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, ఫోన్ దూరంగా పట్టి, దగ్గరగా పట్టి, చివరికి నా దగ్గరకు తెచ్చి, "వాడేదో పెద్దది రాశాడే, నాకు చదువు" అంది. నేను చదువుతుంటే గొంతు పట్టేసింది, సగంలో ఆపేశాను. అది అమ్మ ఒక్కతే కూర్చుని చదువుకోవాల్సిన ఉత్తరం. వాడి ఫోన్లో తెలుగు కీబోర్డు ఉంది. మాట్లాడితే తెలుగులో టైప్ చేసే మైకు బొమ్మ కూడా ఉంది. ఒక్కసారి దాన్ని నొక్కలేదు.

ఆగస్టు 29న చూడండి ఇంకా. గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఆయన పాఠాలు చెప్పింది మా ఊళ్లోనే. జనం మాట్లాడే తెలుగుకి పుస్తకంలో చోటు కావాలని పోట్లాడారు, సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్లకోసం పుస్తకాలు రాశారు. ఆ సవర భాషకు మంగేయి గొమాంగో గారు 1936లో సొరాంగ్ సొంపెంగ్ లిపి చేశారు, 2012లో అదీ యూనికోడ్‌లోకి చేరింది. అంత కొద్దిమంది రాసే లిపి కూడా తన చోటు తాను తెచ్చుకుంది. మా గ్రూపులో మాత్రం గిడుగు వారి బొమ్మ కింద శుభాకాంక్షలు ఇంగ్లీష్ అక్షరాల్లో వస్తాయి.

ఇక ఫోన్లో పెట్టుకునే యాప్‌ల సంగతి. అమ్మకోసం మొన్న ఒకటి పెట్టాను, పేరు వద్దు. ముందు రాష్ట్రం అడిగింది. ఒడిశా అన్నాను. భాషలు చూపించింది, ఒడియా, హిందీ, ఇంగ్లీష్. తెలుగు లేదు. వెనక్కి వెళ్లి ఆంధ్రప్రదేశ్ అని నొక్కితే తెలుగు వచ్చింది, కానీ మా పిన్‌కోడ్ తీసుకోలేదు. మా ఇంటి నుంచి ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వెళ్లడానికి ఆటో ఎక్కితే చాలు. అక్కడున్న మా అత్త ఫోన్లో ఆ యాప్ తెలుగులో వస్తుంది, ఇక్కడున్న మా అమ్మ ఫోన్లో రాదు. రాష్ట్రం గీత 1936లో గీశారు, దానికి ఇక్కడ ఎవరికీ ఇప్పుడు పేచీ లేదు. ఒడియా మాకు పొరుగువాళ్ల భాష, మా పిల్లల బడి భాష, గౌరవమే. కానీ మనిషి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం భాషే చదువుతాడని ఆఫీసులో కూర్చుని రాసిన వాళ్లు బరంపురంలో, పర్లాకిమిడిలో, రాయగడలో ఒక్క వీధి తిరిగి ఉంటే ఆ లైను రాసేవాళ్లు కాదు. భాష అడగండి, ఊరు తరువాత అడగండి. అంతే కదా.

అమ్మ పేరు నారమ్మ. ఒక ఫారంలో ఇంగ్లీష్‌లో కొట్టారు, కంప్యూటర్ దాన్ని తనంతట తాను ఒడియాలోకి మార్చింది, నరమ్మ అయింది. ఇంగ్లీష్‌లో నకీ నాకీ తేడా కనబడదు కాబట్టి దీర్ఘం దారిలో రాలిపోయింది. సరిచేయించడానికి తమ్ముడు మూడుసార్లు తిరిగాడు. ప్రతిసారీ కిటికీ అవతల అదే జవాబు, "అర్థమవుతుంది కదా". నిన్నటిదాకా అది ఒక్క దీర్ఘమే కదా అని నేనూ ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం వల్లే ఈ రోజు ఇంటాయన పేరు మీదకి వచ్చింది.

షాపులో నేను ఫ్లెక్సీ తీసుకోలేదు. అమ్మ తోడు వచ్చింది, బల్ల మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుని, "ఇదేటే, మీ నాన్నగారి పేరు కట్టలిప్పేసినట్టు పెట్టారు" అని అక్కడే కూలబడింది. కుర్రాడు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. "అక్కా, ఆ సెట్టింగేదో మీరే చూపించండి, నేను నేర్చుకుంటాను" అన్నాడు. అందుకే వాడి మీద కోపం లేదన్నాను. అప్పటికే యజమాని షట్టర్ దించుతున్నాడు, రేపు రమ్మన్నాడు.

ఇంటికొచ్చి లిబ్రేఆఫీస్‌లో అదే నాలుగు లైన్లు పెట్టి, మండలి అనే తెలుగు యూనికోడ్ ఫాంటు ఎంచుకుని, పీడీఎఫ్ చేశాను. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే కూర్చుంటుంది, ఏ షాపులో తెరిచినా ఒత్తులు కదలవు. లక్ష్మణమూర్తి అని నిండుగా వచ్చింది, క కింద ష, దాని పక్కన మ ఒత్తు. అమ్మకు చూపించాను, చదివి తలూపింది. పెన్‌డ్రైవ్ సంచిలో వేసుకున్నాను. రేపు పదింటికి షట్టర్ లేచేసరికి నేను ఆ మెట్ల మీద ఉంటాను.